కబురు తెలుసు, పంపినవాడు తెలియడు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో ఛత్తీస్‌గఢ్‌లోని తిల్దాలో తెలుగువాళ్ళ సభలో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే మాలాంటివాళ్ళం మామూలుగా మందుల జాబితా ఎత్తుకుంటాం. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకి ఇచ్చే డీఈసీ బిళ్ళ, పిల్లల రక్త క్యాన్సరు మీద తొలిసారి పనిచేసిన అమినాప్టెరిన్. 1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన మనిషి 53 ఏళ్ళలో ఇంత చేశాడని చెప్పి, నోబెల్ రాలేదే అని నిట్టూర్చి కూర్చుంటాం. ఆ నిట్టూర్పు వినీ వినీ నాకు విసుగెత్తింది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఉమ్మి గురించి. పెద్దాయన స్మారక సభలో ఎంగిలి ముచ్చటేమిటని మొహం చిట్లించుకోకండి. ఆయన దగ్గరికే వస్తాను. కాకపోతే మందుల వైపు నుంచి రాను, ఫాస్ఫరస్ వైపు నుంచి వస్తాను.

1922లో బోస్టన్‌లో దిగిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. ఇద్దరూ కలిసి 1925లో ఒక కొలత పద్ధతి ప్రకటించారు. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫేటు ఎంత ఉందో తేల్చాలి. దానికి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటు పోస్తే ఫాస్ఫేటు దానితో జతకడుతుంది. ఆపైన ఒక క్షయకరణి వేస్తే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఉన్నట్టు. చూడ్డానికి గుమాస్తా పని. కానీ కండరం నుంచి తీసిన ద్రావణంలో ఆ నీలం వెంటనే రాకుండా మెల్లమెల్లగా పైకి వచ్చింది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారు. వీళ్ళు ఆగి చూశారు. గట్టిగా అతుక్కోని ఫాస్ఫేటు ఒకటి ఆమ్లంలో తెగి కొద్దికొద్దిగా బయటపడుతోంది. అదే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అయింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని వేరుచేశాడు. కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి ఫాస్ఫేటు బంధాల్లో ఉంటుందన్న సంగతి అక్కడి నుంచి రూపు కట్టింది. శక్తే కాదు, కణంలో కబుర్లు కూడా చాలావరకు ఫాస్ఫేటు రూపంలోనే నడుస్తాయని ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలిసింది. ఆ తెలియడంలో పెద్ద వాటా లాలాజల గ్రంథులది, వాటి దాయాది క్లోమానిది.

ఆ లాలాజలం దగ్గరికి అన్నం దారిలో వెళ్దాం. తిల్దా మిల్లుల ఊరు. ధాన్యం లారీలు దాటకుండా మనం ఈ హాలుకి చేరలేదు. పైగా రాయపూర్ అంటే వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా గారు 19 వేలకు పైగా వరి రకాలు పోగుచేసిన చోటు. ఇక్కడివాళ్ళు బోరే బాసీ అనేదాన్ని మనం చద్దన్నం అంటాం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇద్దరికీ సమానమే. ఆ అన్నం ముద్ద నోట్లో పడగానే దాన్ని విరగ్గొట్టే పని మొదలుపెట్టేది లాలాజలంలోని ఎమైలేజు అనే ఎంజైము. చప్పటి అన్నం కాసేపు నములుతూ ఉంటే తియ్యగా తగిలేది అందుకే. ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువు మనుషులందరిలో ఒకే లెక్కలో ఉండదు. పిండిపదార్థం ఎక్కువ తినే జనాల్లో సగటున దాని ప్రతులు ఎక్కువని 2007లో ఒక పరిశోధన చూపించింది. వరి తినే మనవంటి వాళ్ళ నోరు అన్నానికి తయారై ఉందన్నమాట. ఇంతకు మించి దాన్ని సాగదీయను. లాగితే కులం, జాతి దాకా లాగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. చెవి కింద ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత పెద్ద గ్రంథులు. ఇవి కాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిట్లో వందల కొద్దీ చిన్నవి. ఈ నీరు రక్తం నుంచే వస్తుంది. అయితే రక్తపు ఒత్తిడికి వడకట్టుకుని వస్తుందా? కాదని 1851 ప్రాంతంలో కార్ల్ లుడ్విగ్ కొలిచి చూపించాడు. నాడిని ప్రేరేపించినప్పుడు గ్రంథి నాళంలో ఒత్తిడి ధమనిలోని ఒత్తిడిని మించిపోయింది. పల్లం నుంచి మెరక్కి నీళ్ళు వాటంతట అవి ఎక్కవు. ఎవరో తోడిపోస్తుండాలి. తోడేది గ్రంథి కణం, తోడమని చెప్పేది నాడి.

ఈ చెప్పడం ఎలా జరుగుతుంది? కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ అనే కుర్రవాడు బ్రెజిల్ చెట్టు ఆకుల నుంచి వచ్చిన పైలోకార్పిన్‌ను పిల్లి గ్రంథి మీద ప్రయోగించాడు. లాలాజలం కారింది. అట్రోపిన్ వేస్తే ఆగిపోయింది. పైలోకార్పిన్ మరికాస్త ఎక్కువ వేస్తే మళ్ళీ కారింది. ఒకదాన్ని ఒకటి తోసేసుకుంటున్నాయంటే ఈ రెండూ ఒకే పదార్థంతో జతకట్టాలని పోటీ పడుతున్నట్టే కదా అని 1878లో రాశాడు. ఆ పదార్థానికి గ్రాహక పదార్థమని 1905లో కండరం మీద పనిచేస్తూ పేరు పెట్టాడు. ఇవాళ మందుల దుకాణంలో అమ్మే బిళ్ళల్లో బోలెడన్ని ఏదో ఒక గ్రాహకం మీద పనిచేసేవే. ఆ ఆలోచన పుట్టింది పిల్లి ఉమ్మిలో. వైద్య కళాశాలల్లో లాంగ్లీ పేరు చెబుతారు గాని, పిల్లి గ్రంథిని మాత్రం పావ్‌లోవ్ కుక్క మింగేసింది.

గ్రాహకం అంటే కణపు పొరలో ఇమిడి ఉన్న ఒక ప్రోటీను. అసిటైల్‌కోలిన్ అనే రసాయనం నాడి కొస నుంచి వచ్చి దానికి తగులుతుంది. ఇక్కడే తమాషా. అసిటైల్‌కోలిన్ లోపలికి రాదు. వాకిట్లో నిలబడి కబురు చెప్పి అటునుంచి అటే వెళ్ళిపోయే మనిషి లాంటిది. ఇంట్లో ఆ మాట ఎవరు మోయాలి? పొర లోపలి వైపున జీ ప్రోటీను ఉంటుంది. గ్రాహకం ఒళ్ళు విరుచుకోగానే అది కదులుతుంది. కదిలి పక్కనున్న ఎంజైమును లేపుతుంది. కణానికి వినబడేది ఆ ఎంజైము తయారుచేసే సరుకే.

లాలాజల కణంలో ఇలాంటి ఎంజైములు ముఖ్యంగా రెండు. నాడి పంపే ఇంకో రసాయనం నార్ఎడ్రినలిన్ తగిలినప్పుడు లేచేది ఎడెనిలైల్ సైక్లేజు. అది సుబ్బారావు గారి ఏటీపీనే తీసుకుని, రెండు ఫాస్ఫేట్లు తెంపేసి, మిగిలినదాన్ని గుండ్రంగా ముడివేసి సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కి 1971లో నోబెల్ వచ్చింది. చెవికింది గ్రంథిలో దీని ప్రభావంతో ఎమైలేజు సంచులు పొరకు అంటుకుని విచ్చుకుంటాయి. వచ్చే లాలాజలం కొంచెమే, కానీ చిక్కన. ఇది చిన్న దారి.

రెండోది అసిటైల్‌కోలిన్ దారి. నీళ్ళు కావాలంటే ఇదే కావాలి. దీని కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ అనే భార్యాభర్తలు పావురం క్లోమం ముక్కలకు అసిటైల్‌కోలిన్ కలిపి చూశారు. రేడియోధార్మిక ఫాస్ఫరస్ విపరీతంగా పోయి పొరలోని కొవ్వుల్లో చేరింది. పొర అంటే గోడ అని అందరూ అనుకునే కాలం. గోడలోని ఇటుకలు కబురు రాగానే ఎందుకు మారుతున్నాయో ఎవరికీ బోధపడలేదు. ఆ కొవ్వుల్ని కొలిచే ప్రయోగశాలల్లో సర్వసాధారణమైన పద్ధతి ఏమిటనుకున్నారు? ఫిస్కే–సుబ్బారావు నీలం రంగే. 1959లో బార్ట్‌లెట్ దాన్ని ఫాస్ఫోలిపిడ్లకు అనువుగా సవరించాడు. ఆ సవరణను ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. సుబ్బారావు గారు పోయాక కూడా ఆయన పరీక్షనాళిక పనిచేస్తూనే ఉంది.

ఇరవై ఏళ్ళు ఆ సంగతి మూలన పడి ఉంది. 1975లో బర్మింగ్‌హామ్‌లో రాబర్ట్ మిచెల్ అక్కడా ఇక్కడా చెదిరి ఉన్న సాక్ష్యమంతా ఒకచోట చేర్చి ఒక మాట అన్నాడు. కణంలో కాల్షియం పెంచే గ్రాహకాలన్నీ ఆ పొర కొవ్వుల్లో ఇనాసిటాల్ ఉన్న రకాన్ని విరగ్గొడుతున్నాయి, విరగడమే మొదటి మెట్టు అని. నమ్మినవాళ్ళు కొద్దిమందే. నమ్మినవాళ్ళలో కేంబ్రిడ్జిలోని మైకేల్ బెర్రిడ్జ్ ఒకడు. ఆయన దగ్గరున్నది నీలంగా మెరిసే మాంసపు ఈగ. ఆ ఈగ లాలాజల గ్రంథి సన్నటి గొట్టం. దానికి నాడులు లేవు. రక్తంలో కొట్టుకొచ్చే సెరటోనినే దాని యజమాని. గొట్టాన్ని కోసి బయట పెట్టి సెరటోనిన్ చుక్క వేస్తే కొస నుంచి బొట్టు బొట్టుగా ద్రవం వస్తుంది. బొట్టు సైజు కొలిస్తే చాలు, కణం ఎంత విన్నదో తెలిసిపోతుంది. ఇంత చవకైన, ఇంత నిజాయితీ గల పరికరం జీవశాస్త్రంలో అరుదు.

1982లో ఆయన, పీటర్ డౌన్స్, మైకేల్ హాన్లీ కలిసి ఒక కిటుకు పట్టారు. లిథియం, అదే ఉన్మాదానికి డాక్టర్లు ఇచ్చే లవణం, ఇనాసిటాల్ ఫాస్ఫేటును విరగ్గొట్టే ఆఖరి ఎంజైమును ఆపేస్తుంది. దాంతో కబురు జాడలు చెరిగిపోకుండా పోగుపడతాయి. ఎలుక మెదడులోనూ, ఎలుక చెవికింది గ్రంథిలోనూ, ఈగ గ్రంథిలోనూ అదే జరిగింది. మానసిక వైద్యుడి మందూ, నోటిలోని తడీ ఒకే గొలుసులో కలిశాయి. మరుసటి ఏడు అసలు సంగతి తేలింది. విరుగుతున్నది మామూలు ఇనాసిటాల్ కొవ్వు కాదు, అదనంగా రెండు ఫాస్ఫేట్లు తగిలించుకున్న దాని చెల్లెలు. దాన్ని కోసే కత్తి ఫాస్ఫోలైపేజ్ సీ అనే ఎంజైము. ఆ కోత నుంచి బయటపడే ముక్క ఇనాసిటాల్ ట్రిస్‌ఫాస్ఫేటు, పొట్టిగా ఐపీ3. 1983లోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని స్ట్రెబ్, షుల్జ్‌లతో, కేంబ్రిడ్జికి చెందిన ఇర్విన్‌తో కలిసి బెర్రిడ్జ్, పొరకు చిల్లులు పెట్టిన క్లోమ కణాలకు ఐపీ3 ఇచ్చి చూశాడు. కణం లోపలి గిడ్డంగి తలుపులు తెరుచుకుని కాల్షియం బయటికి దూకింది. మూడు ఫాస్ఫేట్లు తగిలిన, చక్కెరలాంటి ఒక ఉంగరం. అంతకు మించి ఏమీ కాదు. అదే కబురు.

మిగిలింది నీటిపారుదల. కణంలో మామూలుగా కాల్షియం బయట ఉన్నదానిలో పదివేలో వంతు ఉంటుంది. గిడ్డంగి తెరుచుకోగానే అది పెరిగి నాళం వైపున్న క్లోరైడు ద్వారాలను, వెనకవైపున్న పొటాషియం ద్వారాలను తెరుస్తుంది. క్లోరైడు నాళంలోకి పోతుంది, సోడియం కణాల సందుల్లోంచి దాని వెంట పోతుంది, ఆ ఉప్పు వెంట నీళ్ళు పోతాయి. లుడ్విగ్ చూసిన ఒత్తిడి రహస్యం ఇదే. నీళ్ళు వెళ్ళే మార్గం ఆక్వాపోరిన్ 5 అనే ప్రోటీను. దాన్ని 1995లో సురభి రైనా, పీటర్ ఏగ్రీ బృందం వెలికి తీసింది. అది లేని ఎలుకల్లో లాలాజలం 60 శాతానికి పైగా పడిపోయింది. గిడ్డంగి ఖాళీ అయితే బయటి నుంచి కాల్షియం తెచ్చుకునే పద్ధతిని 1986లో జేమ్స్ పుట్నీ ఊహించాడు. ఆయన పనిచేసిందీ చెవికింది గ్రంథి మీదే.

గొలుసు ఇంతే. ఇక నాకు ముఖ్యమనిపించేది చెబుతాను. ఈ గొలుసులో ఎక్కడా కబురు ఎవరు పంపారో అడిగే తావు లేదు. గ్రాహకానికి ఆకారం తెలుసు, అంతే. చింతపండు తలుచుకుని మెదడు పంపిందా, వేరే ఎవరైనా పంపారా దానికి తెలియదు. తిల్దా బజారులో నిలబడితే దీనికి ఉదాహరణలు కళ్ళెదుటే దొరుకుతాయి. కిళ్ళీ కొట్టుకు వెళ్ళండి. వక్కలో అరెకోలిన్ అనే పదార్థం ఉంది. అసిటైల్‌కోలిన్ తగిలే గ్రాహకానికే అదీ తగులుతుంది. తాంబూలం వేసుకున్నవాడు ఉమ్ముతూనే ఉండడానికి సున్నమూ నమలడమూ కొంత కారణమైతే, ఈ దొంగ కబురు ఇంకొంత. వక్కను క్యాన్సరు కారకాల మొదటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం 2004లోనే చేర్చింది. పొగాకు కలిపినా కలపకపోయినా. పొద్దున్నే పళ్ళకు గుడాఖు రుద్దుకునే అలవాటు ఇక్కడి ఆడవాళ్ళలో ఎంత గాఢంగా ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. బెల్లం, పొగాకు కలిపిన ఆ ముద్దను పళ్ళపొడి అనుకోవడం పెద్ద మోసం. అందులోని నికోటిన్ ఒక మెట్టు పైనుంచి, నాడుల కూడలిలోనే తట్టి లేపుతుంది.

అన్నిటికన్నా భయంకరమైన దొంగ కబురు పొలంలో ఉంది. మామూలుగా అసిటైల్‌కోలిన్ తన మాట చెప్పగానే కోలిన్‌ఎస్టరేజు అనే ఎంజైము దాన్ని సెకనుకు వేల అణువుల చొప్పున ముక్కలు చేస్తుంది. కబురుకు ముగింపు ఉండాలి కదా. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి పురుగుమందులు ఆ ఎంజైముకు ఒక ఫాస్ఫేటు ముక్కను అతికించి దాని నోరు కుట్టేస్తాయి. చూశారా, ఇక్కడా ఫాస్ఫరసే. ఇక అసిటైల్‌కోలిన్ పోగుపడుతూనే ఉంటుంది, గ్రాహకం వింటూనే ఉంటుంది, ఫాస్ఫోలైపేజు కోస్తూనే ఉంటుంది. నోటి వెంట లాలాజలం, కంటి వెంట నీళ్ళు, ఊపిరితిత్తుల నిండా చెమ్మ. మనిషి తన సొంత నీటిలో మునిగిపోతాడు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు.

దీనికి విరుగుడు లాంగ్లీ పిల్లికి వేసిన అట్రోపినే. పల్లెల నుంచి ఇటువంటి కేసులు వచ్చే ఆసుపత్రుల్లో డాక్టర్లు గుండె చప్పుడు, ఊపిరి శబ్దం చూసుకుంటూ డోసు రెట్టింపు చేస్తూ పోతారు. ఎప్పుడాపాలి అంటే, ఊపిరితిత్తుల్లో తడి చప్పుడు పోయి, నాడి 80 దాటి, రక్తపోటు నిలదొక్కుకుని, చంకలు పొడిబారినప్పుడు. లెక్క మిల్లీగ్రాముల్లో కాదు, తడిలో. అయితే అట్రోపిన్ కండరాల మీది గ్రాహకానికి తగలదు, కాబట్టి తడి ఆరినా ఊపిరి తీసే కండరం వదులుగానే ఉండవచ్చు. అటువంటి మనిషిని వెంటిలేటరు మీద పెడితేనే బతుకుతాడు. రైతు కుటుంబాల వాళ్ళు ఈ సభలో ఉన్నారు గనుక ఒక మాట. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. ఒంటి మీది బట్టలు తీసేసి సబ్బుతో కడగండి, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇదే గ్రాహకానికి అడ్డంగా కూర్చునే ఇంకొకటి మన శివాలయాల దగ్గర కాస్తుంది. ఉమ్మెత్త. దాని గింజల్లో అట్రోపిన్, దాని తోబుట్టువు స్కోపలమిన్ ఉంటాయి. తిన్నవాడికి నోరు ఎండిపోతుంది, కనుపాప విచ్చుకుంటుంది, లేని మనుషులు కనబడతారు. దీనికి విరుగుడుగా వాడే ఫైజోస్టిగ్మిన్ పురుగుమందు ఆపిన ఎంజైమునే ఆపుతుంది, కాకపోతే తాత్కాలికంగా. ఒకదాని విషం ఇంకోదానికి మందు. పక్షపాతం గ్రాహకానికి లేదు, మనకే ఉంది.

వేదిక ఎక్కగానే నాలుక ఎండే నా సంగతి కూడా చెప్పి నీళ్ళు తాగుతాను. అది గ్రాహకం తప్పు కాదు. భయంలో మెదడే నాడిని నోరు మూసుకోమంటుంది. కబురే రాదు.

పెద్దవాళ్ళలో నోరు ఎండడానికి మాత్రం చాలాసార్లు మందులే కారణం. జలుబుకూ, నిద్రకూ, నరాల నొప్పికీ మింగే పాత బిళ్ళల్లో చాలా వాటికి ఉమ్మెత్త పోలిక కొంచెం ఉంది. మీ బిళ్ళల చీటీ ఒకసారి డాక్టరుకు చూపించండి. గుట్కా ఊళ్ళలో ఎక్కువగా కనబడేది ఇంకో రకం. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ ఇస్తే ఎక్కువగా దెబ్బతినేది చెవికింది గ్రంథి. 2011లో వచ్చిన ఒక బ్రిటిష్ పరీక్షలో, ఆ గ్రంథిని తప్పించేలా కిరణాల్ని మలిచి ఇచ్చినవాళ్ళలో ఏడాదికి ఇబ్బందికరంగా నోరు ఎండినవాళ్ళు 38 శాతం, మామూలు పద్ధతిలో 74 శాతం. ఆ యంత్రం ఖరీదు భరించి వైద్యం చేయించుకోగల రోగి ఎవరన్నది వేరే చర్చ. దెబ్బతిన్న గ్రంథిలో ఏ కొద్ది కణాలు మిగిలినా వాటిని తట్టడానికి 1994 నుంచి అమెరికాలో అనుమతించిన బిళ్ళ పైలోకార్పిన్. 1878 నాటి పిల్లి మందు ఇంకా నడుస్తోంది.

అయితే నీళ్ళు తోడే కణాలే మిగలనివాళ్ళకి? అమెరికాలోని బెథెస్డాలో బ్రూస్ బామ్ బృందం వేరే దారి పట్టింది. రేడియేషన్ తర్వాత బతికి ఉండే నాళపు కణాలకు నీటి ద్వారం ఉండదు. వాటికి ఆక్వాపోరిన్ 1 జన్యువును ఒక వైరస్ మీద ఎక్కించి, నాళం గుండా లోపలికి పంపారు. 2012లో ప్రకటించిన ఫలితాల్లో 11 మంది రోగులలో ఆరుగురికి లాలాజలం పెరిగింది, వారిలో ఐదుగురు నోరు తడిగా ఉందన్నారు. ఈ పద్ధతిలో అసిటైల్‌కోలిన్ తలుపు తట్టాల్సిన పని లేదు, గ్రాహకం కదలనక్కర్లేదు, ఫాస్ఫోలైపేజు కోయనక్కర్లేదు. ఆ నీళ్ళలో ఎమైలేజు కూడా ఉండదు. అన్నం తియ్యగా తగలకపోయినా ముద్ద దిగుతుంది. ప్రశ్నలుంటే అడగండి.